పీజీ రూమ్‌లో గేమింగ్‌కి డెస్క్‌టాపా ల్యాప్‌టాపా? లక్ష బడ్జెట్, సలహా చెప్పండి

గోదావరి గాలి:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉద్యోగం హైటెక్ సిటీలో, ఉండేది కొండాపూర్‌లో డబుల్ షేరింగ్ పీజీ. నెట్ సెంటర్లోనూ ఫ్రెండ్స్ ఇళ్ళలోనూ ఆడుకోవడమే తప్ప సొంత గేమింగ్ మెషీన్ ఎప్పుడూ లేదు, ఇప్పుడు లక్ష దాకా కూడబెట్టా, గట్టిగా లాగితే ఇంకో పది వేలు. రోజూ ఆడేది వాలొరెంట్, వీకెండ్‌లో సైబర్‌పంక్, ఫోర్జా హొరైజన్ 5 లాంటివి ఆడాలని ఆశ. షాపులో ఒక ల్యాప్‌టాప్ చూశా, అందులో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు అట, 93 వేలు చెప్పాడు. డెస్క్‌టాప్‌కి అదే 4060 కార్డు విడిగా ముప్పై వేలకి అటూ ఇటూ దొరుకుతోంది. ఒకటే కార్డు అయినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకుంటే ఊరికి కూడా పట్టుకెళ్ళొచ్చు కదా అనిపిస్తోంది, ఆఫీసులో వాళ్ళేమో డెస్క్‌టాపే కొను లేకపోతే ఏడుస్తావు అంటున్నారు. బుర్ర పాడైపోయింది, కాస్త చెప్పండి ప్లీజ్.

చట్నీ ఎక్స్‌ట్రా:
ల్యాప్‌టాప్ తీసుకో బ్రో. పీజీలో డెస్క్‌టాప్ పెడితే ఓనర్ ముందు కరెంట్ బిల్లు పట్టుకుని వస్తాడు.

పిక్సెల్ పంతులు:
పేరు ఒకటే గానీ కార్డు ఒకటి కాదు తమ్ముడూ. ఒకప్పుడు ల్యాప్‌టాప్ కార్డు పేరు చివర ఎం అని ఉండేది, 970ఎం, 980ఎం అని, చూడగానే తెలిసిపోయేది. 2016లో 10 సిరీస్‌తో ఎన్‌విడియా వాడు ఆ అక్షరం పీకేశాడు, అప్పట్నుంచీ ఈ తికమక. 4090 నే చూడు, డెస్క్‌టాప్‌ది 16384 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 24 జీబీ మెమరీ, 450 వాట్లు లాగుతుంది. ల్యాప్‌టాప్ 4090 లో ఉండేది 9728 కోర్లు, 16 జీబీ, అంటే డెస్క్‌టాప్ 4080 లో వేసిన చిప్పే దీనిలోనూ వేసి పెద్ద పేరు పెట్టారు. 4070 కూడా అంతే, డెస్క్‌టాప్‌లో 5888 కోర్లు 12 జీబీ, ల్యాప్‌టాప్‌లో 4608 కోర్లు 8 జీబీ.

నువ్వు చూసిన 4060 మాత్రం వీటిలో కాస్త నయం, రెండిట్లోనూ 3072 కోర్లు, 8 జీబీ. కాకపోతే అక్కడ మెలిక వాట్లలో ఉంది. డెస్క్‌టాప్ 4060 కి 115 వాట్లు ఫిక్స్. ల్యాప్‌టాప్‌లో అది కంపెనీ ఇష్టం, 35 నుంచి 115 దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు, దానిపైన డైనమిక్ బూస్ట్ అని ఇంకో 25 వాట్ల దాకా. సన్నగా నాజూగ్గా ఉండే మోడల్స్‌లో 60, 70 దగ్గర కట్టేస్తారు, అక్కడ ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగా పడిపోతుంది. 100 దాటాక ఎంత ఇచ్చినా పెద్ద తేడా రాదు కాబట్టి 140 అని స్టిక్కర్ చూసి మురిసిపోవాల్సిన పని కూడా లేదు. షాపులో డెమో పీస్ ఆన్ చేయించి ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరువు, మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక లైన్ ఉంటుంది. సేల్స్ కుర్రాడు చెప్పేది ఒక చెవిన విని ఆ లైన్ నువ్వే చదువుకో.

మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా అడుగు. లేకపోతే ఫ్రేములన్నీ ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ గుండా తిరిగి స్క్రీన్‌కి పోతాయి, వాలొరెంట్ లాంటి ఎక్కువ ఎఫ్‌పీఎస్ గేముల్లో ఆ దెబ్బ బాగా తెలుస్తుంది. ర్యామ్ ఒకటే స్టిక్ వేసి అమ్ముతుంటారు, రెండో స్లాట్ ఖాళీగా ఉంటుంది, అలాంటిదైతే రెండో స్టిక్ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

నల్లగొండ నైట్‌షిఫ్ట్:
అన్నా నేనైతే ల్యాప్‌టాపే అంట. బీటెక్ మొత్తం హాస్టల్ల గేమింగ్ ల్యాప్‌టాప్ తోనే ఎల్లదీసిన, దసరాకు ఊరికి పోతే బ్యాగుల ఏస్కొని పోతుంటి, కరెంట్ పోయినా బ్యాటరీ ఉంటది కాబట్టి మ్యాచ్ మధ్యల ఆగేది కాదు, ర్యాంకెడ్ మ్యాచ్ల నువ్వు మాయమైతే పెనాల్టీ ఏస్తరు కదా. కాకపోతే అబద్ధమెందుకు, ఎండకాలంల మాత్రం నరకం. రూమ్ల ఏసీ లేదు, ఏప్రిల్, మే నెలల్ల ఫ్యానుకింద కూసున్నా గా డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీల మీద ఏళ్ళు పెడితే చుర్రుమనేది. వెనక రెండు దిక్కుల బిస్లెరీ మూతలు పెట్టి ఎత్తు లేపినంక జర నయమైంది, కింద గాలి గుంజుకునే సందు దొరికితే అయిదారు డిగ్రీలు దిగుతది. మూడువేల కూలింగ్ ప్యాడ్ కంటే గా మూతలే మంచిగ పనిచేసినయ్ అంటే నమ్ముతరా.

చట్నీ ఎక్స్‌ట్రా:
బాటిల్ మూతల బ్యాచ్ ఇక్కడ కూడా ఉంది. చేతులు కలుపు భయ్యా.

పార్క్‌లేన్ పక్షి:
నేను నెలకోసారైనా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల బజారు) వెళ్తుంటా, ఫ్రెండ్స్‌కి పీసీలు కొనిపెట్టడం పిచ్చి. మొన్న ఒకరి కోసం రాయించుకున్న కొటేషన్ చెప్తా, రేట్లు వారం వారం మారుతున్నాయి కాబట్టి సుమారు అనుకోండి. రైజెన్ 5 7600 ప్రాసెసర్ పదిహేడు వేలు, బీ650 మదర్‌బోర్డు పన్నెండు, 4060 తర్వాతి తరం కార్డు ఆర్‌టీఎక్స్ 5060 ముప్పై, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఎనిమిది, 650 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) అయిదున్నర, క్యాబినెట్ నాలుగు, 24 అంగుళాల 180 హెర్ట్జ్ మానిటర్ పది, కీబోర్డు మౌస్ రెండున్నర. ఇక్కడికి 89. ఇక ర్యామ్. 16 జీబీ డీడీఆర్5 పదిహేను వేలు చెప్పాడు, నేను కొట్టువాడి మొహం చూశా, వాడు నా మొహం చూశాడు. 2025 మొదట్లో ఆ డబ్బుకి 32 జీబీ కిట్ ఇచ్చి చిల్లర కూడా తిరిగిచ్చేవాళ్ళు. మొత్తం 1.04 లక్షలు, విండోస్ లైసెన్స్ లేకుండా, యూపీఎస్ లేకుండా. ఈ రెండూ చాలా ల్యాప్‌టాప్‌ల ధరలోనే వచ్చేస్తాయి (యూపీఎస్ పని బ్యాటరీ చేస్తుంది), డెస్క్‌టాప్ చీప్ అని ఊదరగొట్టేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

పిక్సెల్ పంతులు:
ర్యామ్ మంటకి కారణం ఏఐ సర్వర్లు. తయారీదారులు చిప్పుల్లో చాలా భాగం డేటా సెంటర్లకి మళ్ళించేశారు, 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే క్రూషల్ బ్రాండ్‌తో మనలాంటోళ్ళకి అమ్మడమే ఆపేస్తున్నాం అని ప్రకటించింది. కాబట్టి మామూలుగా అయితే కళ్ళు మూసుకుని డెస్క్‌టాప్ అనేవాణ్ణి, ఈ టైమ్‌లో మాత్రం పాత రేటుకి మిగిలిన ల్యాప్‌టాప్ స్టాక్ దొరికితే అది లాభసాటి బేరమే. కొత్త స్టాక్‌కి వాళ్ళూ రేట్లు పెంచుతున్నారు, అది వేరే సంగతి.

వోల్టేజ్ మామ:
యూపీఎస్ అన్నారు కాబట్టి ఒక మాట, నేను ఎలక్ట్రికల్ ఫీల్డ్‌లో ఉన్నా. 600 వీఏ యూపీఎస్ అని రెండున్నర వేలకి వచ్చేది కొనకండి, అది నికరంగా ఇచ్చేది 360 వాట్లు. ఈ పీసీ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 280, 300 దాకా లాగుతుంది, గ్రాఫిక్స్ కార్డు రెప్పపాటు ఒక్కసారిగా కరెంట్ లాగినప్పుడు ఇంకా ఎక్కువ, కరెంట్ పోయిన క్షణంలోనే యూపీఎస్ కీక్ అని అరిచి పీసీతో సహా పడుకుంటుంది. 1000 వీఏ పైన తీసుకోండి, అయిదారు నిమిషాలొస్తుంది, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోడానికి అంతే, మ్యాచ్ పూర్తి చేయడానికి కాదు. పీజీలో ఇన్వర్టర్ ఉందంటారు గానీ అది చాలాచోట్ల ఫ్యానుకీ లైటుకీ మాత్రమే, ప్లగ్ పాయింట్‌కి లైన్ ఇవ్వరు, ముందే కనుక్కోండి.

కరెంట్ బిల్లు గురించి ఒకాయన భయపెట్టాడు. 300 వాట్లు, రోజుకి మూడు గంటలు, అంటే 0.9 యూనిట్. నెలకి 27 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలేసుకున్నా 216. ల్యాప్‌టాప్ అయితే ఇందులో సగం, కొంచెం పైన. వంద రూపాయల తేడా కోసం లక్ష రూపాయల నిర్ణయం మార్చుకోనక్కర్లేదు. ఓనర్‌కి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి, వింటాడు.

చట్నీ ఎక్స్‌ట్రా:
మా ఓనర్‌కి లెక్క చూపిస్తే గీజర్ కూడా అందులో కలిపేశాడు మామా.

గోదావరి గాలి:
అందరికీ థాంక్స్, ఇంత డీటెయిల్‌గా చెప్తారనుకోలేదు. ఒకటి చెప్పడం మర్చిపోయా, ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, అందులో మనవేం ఇన్‌స్టాల్ అవ్వవు, కానీ ఊరికి వెళ్ళినా ఎక్కడికెళ్ళినా అది నా వెంటే ఉండాలి, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో రూమ్‌లో కూడా అదే. ఊరికి రెండు నెలలకోసారి వెళ్తా, వెళ్తే రెండ్రోజులు, అందులో సగం నిద్ర.

పార్క్‌లేన్ పక్షి:
మరి ఇది మొదటి పోస్టులోనే చెప్పాలి కదయ్యా! అంటే భుజాన ఆల్రెడీ ఒక ల్యాప్‌టాప్ వేలాడుతుంటే ఇంకో రెండున్నర కిలోలది, దానికి ముక్కాలు కిలో పైగా ఛార్జరు, ఇవన్నీ గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో మోసుకెళ్తావా? వెళ్ళాక అమ్మ పులస కూర ముందు పెడితే వాలొరెంట్ ఆడతావా? నీకు కదిలే మెషీన్ ఒకటి ఉంది, కావాల్సింది కదలనిది.

నల్లగొండ నైట్‌షిఫ్ట్:
గట్లైతే నా మాట ఎనక్కి తీస్కుంట, డెస్క్‌టాప్ కొను. ఆఫీస్ ల్యాప్‌టాప్ కూడా గదే మానిటర్‌కు హెచ్‌డీఎంఐతోని కలపొచ్చు, డబుల్ లాభం.

డల్లాస్ బావ:
నేను వచ్చే నెల ఇండియా వస్తున్నా, ఇక్కడ సేల్ పడితే 4060 ల్యాప్‌టాప్‌లు చాలా తక్కువకి వస్తాయి. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ మా ఏరియాలో 8.25 శాతమే, మీ దగ్గర 18 శాతం జీఎస్‌టీ కదా. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి ఆ గొడవా లేదు. ఛార్జరు కూడా 100 నుంచి 240 వోల్ట్‌ల దాకా పనిచేసేదే ఉంటుంది, పిన్ను మార్చుకుంటే చాలు. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, మా బావమరిదికి ఇలాగే తెచ్చా.

పిక్సెల్ పంతులు:
బావగారూ, మీ మంచి మనసుకి దండం, కానీ మీరు మీ ల్యాప్‌టాప్‌తో వస్తారు కదా, ల్యాప్‌టాప్ లెక్కలో ఆ ఒక్కటే ఫ్రీ, రెండోది మామూలు ఫ్రీ పరిమితి దాటితే రెడ్ ఛానెల్లో (కస్టమ్స్ కట్టే లైన్లో) నిలబడాలి. అన్నిటికన్నా ముఖ్యం వారంటీ. అక్కడ కొన్న మోడల్‌కి ఇక్కడ సర్వీస్ ఇస్తారో లేదో కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పోయేది మదర్‌బోర్డే, ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ దానికే అతికించి ఉంటాయి, ఒకటి పోతే మొత్తం మార్చాలి. నా కొలీగ్ ఒకాయనకి వారంటీ అయిపోయిన కొన్నాళ్ళకే బోర్డు పోయింది, సర్వీస్ సెంటర్లో చెప్పిన రేటుకి సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే ఇంకో ల్యాప్‌టాప్ వచ్చేది. ఇక్కడ చాలా ల్యాప్‌టాప్‌లకి ఒక్క ఏడాదే, ఎక్స్‌టెండెడ్‌కి విడిగా కట్టాలి. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్, బోర్డు, కార్డు మామూలుగా మూడేళ్ళు, మంచి ఎస్‌ఎస్‌డీకి అయిదేళ్ళు, దేని బిల్లు దానిదే, దేని గొడవ దానిదే.

సీమ సిస్టమ్స్:
ఏం సామీ, అందరూ కొత్తదే కొత్తదే అంటాండారు, పాతది యాల సూడకూడదు? నేను కడపలో ఉంటా, నా బోర్డు 2017లో కొన్న బీ350, అప్పుడు అందులో రైజెన్ 1600 ఉండ్య. బయోస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కొట్టి అదే బోర్డులో 2024లో వచ్చిన 5700ఎక్స్3డీ ప్రాసెసర్ ఏసినా, ర్యామ్ అదే, డబ్బా అదే, కార్డు ఒకటి మార్చినా. 2017 నాటి బోర్డు మీద కొత్త గేములు ఆడతాండా, ఏ ల్యాప్‌టాప్‌లో అయితాది ఇది సెప్పండి. ఇప్పుడు డీడీఆర్5 అంత మండిపోతాంటే ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు) బోర్డు, రైజెన్ 5 5600, ఎవురిదన్నా అమ్మేసే డీడీఆర్4 ర్యామ్ తీసుకుంటే పదిహేను వేల దాకా మిగులుతాది, ఆ డబ్బు కార్డు మీద పెట్టొచ్చు. కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం కండ్లు తెరుసుకోని ఉండాల. 2022 సెప్టెంబర్లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయినంక పగలూ రాత్రీ ఉడికిన 3060లు, 3070లు సంతకొచ్చినాయి, ఇప్పటికీ చేతులు మారతానే ఉండాయి. ఎదురుగా కూర్చోని అర్ధగంట గేమ్ నడిపించి, ఫ్యాన్ సౌండు ఇని, బిల్లు ఉంటేనే డబ్బులియ్యి.

పార్క్‌లేన్ పక్షి:
ఏఎం4 ఐడియా బాగుంది గానీ తమ్ముడు కొత్తగా కొంటున్నాడు, అది ఇక అక్కడితో ఆగిపోయిన సాకెట్. బీ650 లో ఉండే ఏఎం5 సాకెట్‌కి 2027 దాటేదాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఇప్పుడు 7600 వేసి, రేట్లు దిగాక ఎక్స్3డీ (గేమింగ్‌కి బాగా పనికొచ్చే ప్రాసెసర్ రకం) ఏదో ఒకటి వేసుకోవచ్చు. ఇంటెల్ వాడైతే రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చి బోర్డు కూడా కొనిపిస్తాడు.

ఎర్రజెండా:
ఇంటెల్ గురించి తప్పుడు ప్రచారం ఆపండి. ఏఎండీ డ్రైవర్లు ఎప్పుడు సరిగ్గా పనిచేశాయి?

అడ్మిన్:
ఏఎండీ ఇంటెల్ కొట్లాటకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళి కొట్టుకోండి. ఎర్రజెండా, మీరు ముఖ్యంగా.

మిద్దెమీద మొక్క:
నేను బెంగళూరులో లేడీస్ పీజీలో డెస్క్‌టాప్ పెట్టుకుని ఉంటున్నా, త్రీడీ పని చేస్తా, రాత్రిళ్ళు ఆడతా. ఎవ్వరూ అడగని విషయాలు కొన్ని చెప్తా. ముందు టేబుల్ కొలత తీసుకోండి. పీజీ టేబుళ్ళు చాలావరకు రెండడుగుల వెడల్పే ఉంటాయి, 24 అంగుళాల మానిటర్ పెడితే పక్కన జానెడు కూడా మిగలదు. మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు, చిన్న క్యాబినెట్ అడగండి, ఆ పెద్ద గాజు అక్వేరియం డబ్బాలు వద్దు. క్యాబినెట్ నేల మీద పెట్టకండి, పీజీలో రోజూ చీపురుతో ఊడ్చే దుమ్మంతా సరాసరి లోపలికే, నేను చెప్పుల స్టాండ్ ఒకటి కొని దాని మీద ఎక్కించా. రూమ్మేట్ నిద్ర గురించి భయపడేవాళ్ళకి, నిజానికి ల్యాప్‌టాప్ ఫ్యానే ఎక్కువ అరుస్తుంది, చిన్న ఫ్యాన్లు వేగంగా తిరగాలి కాబట్టి. డెస్క్‌టాప్‌వి పెద్దవి, నెమ్మదిగా తిరుగుతాయి. రూమ్మేట్‌ని నిద్రలేపేది అసలు ఫ్యాన్ కాదు, మెకానికల్ కీబోర్డ్ బ్లూ స్విచ్‌లు, అవి కొన్నారంటే మీ కర్మ. ఇక హెడ్‌సెట్ పెట్టుకుని మీరు అరిచే అరుపులకి మందు లేదు.

రూమ్ మారేటప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలుసుకోండి. మానిటర్ అట్టపెట్టె, థర్మోకోల్ పారేయొద్దు, మంచం కింద తోసేయండి. క్యాబినెట్‌ని ఆటోలో తీసుకెళ్ళేముందు గ్రాఫిక్స్ కార్డు విప్పేయాలి, రెండు స్క్రూలు, స్లాట్ చివర చిన్న క్లిప్పు నొక్కితే వచ్చేస్తుంది. దాని సొంత కవర్లో పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. విప్పకుండా తీసుకెళ్తే గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా బరువైన కార్డు ఆ స్లాట్‌ని పట్టుకుని ఊగుతుంది, దిగేసరికి స్లాట్ విరిగినా విరుగుతుంది.

నల్లగొండ నైట్‌షిఫ్ట్:
ఒళ్ళో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకొని ఆటోల పోవుడు, సంటిపిల్లను తోల్కపోయినట్టే ఉన్నదక్కా.

వోల్టేజ్ మామ:
అమ్మాయి చెప్పిన దుమ్ము సంగతికి ఒకటి కలుపుతా. వాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పెట్టి లాగకండి, స్టాటిక్ వస్తుంది, ఊదే బ్లోయర్ వాడండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి పిచ్చి స్పీడులో తిరిగి బేరింగ్ పోతుంది. రాయించుకున్న ఎస్‌ఎంపీఎస్‌ని కొట్టువాడు చివర్లో మార్చేసి ఏదో పేరులేనిది పెడతాడు, బిల్లులో మోడల్ నంబర్ రాయించండి.

గోదావరి గాలి:
డిసైడ్ అయిపోయా, డెస్క్‌టాపే. నిన్న పక్షి అన్నతో కలిసి సీటీసీ వెళ్ళా (అన్నా మళ్ళీ థాంక్స్, చాయ్ బాకీ). 7600, బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 5060, ర్యామ్ ప్రస్తుతానికి 16 ఒకటే స్టిక్. పంతులు గారు తిడతారని తెలుసు, సింగిల్ ఛానెల్‌లో కొంత ఎఫ్‌పీఎస్ పోతుందని తెలిసే తీసుకున్నా, రెండు ఎనిమిదులు వేస్తే రేపు 32 చేయాలంటే రెండూ పీకేయాలి కదా. 1100 వీఏ యూపీఎస్‌తో కలిపి 1.09 అయింది. విండోస్ వచ్చే నెల జీతంలో. టేబుల్ కొలిచా, రెండడుగుల మూడంగుళాలు, సరిపోతుంది. ఓనర్ నెలకి మూడొందలు ఎక్స్‌ట్రా అన్నాడు, వోల్టేజ్ మామ లెక్క చూపిస్తే రెండొందల యాభైకి దిగాడు. రేపు సాయంత్రం అసెంబుల్ చేసి ఇస్తామన్నారు.

చట్నీ ఎక్స్‌ట్రా:
చెప్పానా, బిల్లు పట్టుకుని వస్తాడని.

పిక్సెల్ పంతులు:
తిట్టను, 7600 మీద వాలొరెంట్‌కి అదేం అడ్డం రాదు, సైబర్‌పంక్‌లో కొంచెం తెలుస్తుంది. రెండో స్టిక్ కొన్నప్పుడు అదే కంపెనీ అదే మోడల్ తీసుకో. రేపు ఇంటికి తెచ్చాక ఇవి చూసుకో, చాలామంది నెలల తరబడి పట్టించుకోరు. మానిటర్ కేబుల్ వెనక పైన మదర్‌బోర్డుకి కాదు, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి, లేదంటే ముప్పై వేల కార్డు ఊరికే కూర్చుంటుంది. బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చెయ్, లేకపోతే ర్యామ్ డబ్బా మీద రాసిన స్పీడ్‌లో నడవదు. వాలొరెంట్ కోసం సెక్యూర్ బూట్, టీపీఎమ్ అనే సెక్యూరిటీ సెట్టింగులు అక్కడే ఆన్ చేసేయ్, విండోస్ 11 లో అవి లేకపోతే వాన్‌గార్డ్ (ఆ గేమ్‌లో చీటింగ్ పట్టుకునే సాఫ్ట్‌వేర్) గేమ్ తెరవనివ్వదు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి 60 అని ఉన్నదాన్ని 180 కి మార్చు.